సీ-రియాక్టివ్ ప్రోటీన్

సీ-రియాక్టివ్ ప్రోటీన్ లేదా సీఆర్‌పీ అనేది కాలేయంలో తయారై రక్తంలోకి విడుదలయ్యే ఒక మాంసకృత్తు. గాయం తగిలినపుడు గానీ, సూక్ష్మజీవులు సోకినపుడు గానీ శరీరంలో ఎర్రబారడం, వేడెక్కడం, వాచడం, నొప్పిపుట్టడం వంటి మార్పులు కలుగుతాయి. ఈ ప్రతిస్పందనను శోథ అంటారు. శోథ మొదలైన కొద్ది గంటలలోనే రక్తంలో సీఆర్‌పీ పరిమాణం పెరుగుతుంది. శోథ తగ్గుముఖం పట్టగానే ఇది కూడా తగ్గుతుంది. అందువల్ల దీనిని శోథ సూచికలలో ముఖ్యమైనదిగా పరిగణిస్తారు.

బాక్టీరియా వలన కలిగే న్యుమోనియాను గుర్తించడానికి ఈ పరీక్షను చాలా కాలంగా వాడుతున్నారు. 2020లో కోవిడ్-19 ప్రపంచమంతటా వ్యాపించిన తరువాత వైరల్ శ్వాసకోశ వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి కూడా ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అయితే సీఆర్‌పీ ఏ వ్యాధి సోకిందో చెప్పదు. శరీరం ఎంత బలంగా ప్రతిస్పందిస్తున్నదో మాత్రమే చెబుతుంది. రక్తంలోని ప్రాణవాయువు శాతం, శ్వాస వేగం, రోగి వయస్సు, వ్యాధి మొదలై గడచిన రోజులు తెలియకుండా ఈ ఒక్క అంకెతో చికిత్సను నిర్ణయించడం ప్రమాదకరం కావచ్చు.

చరిత్ర

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. వారు ఆస్వాల్డ్ ఏవరీ ప్రయోగశాలలో న్యుమోకాకస్ బాక్టీరియా వలన న్యుమోనియా సోకిన రోగులపై పరిశోధన చేస్తుండేవారు. ఆ బాక్టీరియా నుండి వేరు చేసిన పదార్థాలలో ఒకదానికి "సి" అని పేరు పెట్టారు. జబ్బుపడిన వారి రక్తరసిని ఈ "సి" పదార్థంతో కలిపినపుడు తెల్లని అవక్షేపం ఏర్పడింది. రోగి కోలుకున్న తరువాత తీసిన రక్తరసిలో ఈ చర్య కనిపించలేదు. "సి" పదార్థంతో చర్య జరిపే మాంసకృత్తు కావడం వలన దీనికి సీ-రియాక్టివ్ ప్రోటీన్ అనే పేరు వచ్చింది.

మొదట ఇది న్యుమోకాకస్‌కు మాత్రమే సంబంధించినదని భావించారు. తరువాత ఇతర బాక్టీరియా వ్యాధులలోనూ, కీళ్లవాతపు జ్వరంలోనూ కనిపించడంతో ఇది ఏ ఒక్క వ్యాధికో పరిమితం కాదని తేలింది. 1947లో మాక్లిన్ మెకార్టీ దీనిని స్ఫటిక రూపంలో వేరు చేశాడు. జన్యు సమాచారాన్ని మోసే పదార్థం డీఎన్ఏ అని 1944లో నిరూపించిన ముగ్గురిలో ఏవరీ, మెకార్టీ ఇద్దరూ ఉన్నారు.

నిర్మాణం, పని

సీఆర్‌పీ పెంట్రాక్సిన్ అనే మాంసకృత్తుల కుటుంబానికి చెందినది. ఒకే విధమైన ఐదు ఉపభాగాలు వలయాకారంలో అమరి ఉంటాయి. ఒక్కొక్క ఉపభాగంలో 206 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీనిని తయారుచేసే జన్యువు మనిషి కణాలలోని 1వ క్రోమోజోముపై ఉన్నది.

కాల్షియం సమక్షంలో సీఆర్‌పీ ఫాస్ఫోకోలిన్ అనే పదార్థానికి అతుక్కుంటుంది. ఈ పదార్థం కొన్ని బాక్టీరియాల పైపొరలోను, దెబ్బతిన్న లేదా చనిపోతున్న మానవ కణాల పైపొరలోను బయటపడుతుంది. అలా అతుక్కున్న సీఆర్‌పీ కాంప్లిమెంట్ వ్యవస్థను ఉత్తేజపరచి, ఆ కణాలను భక్షక కణాలు సులభంగా మింగివేయడానికి తోడ్పడుతుంది. అంటే ఇది కేవలం సూచిక కాదు, రోగనిరోధక వ్యవస్థలో భాగం కూడా.

రక్తంలో పెరిగే తీరు

సూక్ష్మజీవి ప్రవేశించిన చోట తెల్ల రక్తకణాలు ఇంటర్‌లుకిన్-6 అనే సంకేత పదార్థాన్ని విడుదల చేస్తాయి. ఇది రక్తం ద్వారా కాలేయాన్ని చేరి సీఆర్‌పీ తయారీని ప్రేరేపిస్తుంది. సుమారు 6 గంటలలో రక్తంలో పెరుగుదల కనిపిస్తుంది. ఆ తరువాత దాదాపు ప్రతి 8 గంటలకు పరిమాణం రెట్టింపవుతూ, 36 నుండి 50 గంటలలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆరోగ్యవంతులలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండే సీఆర్‌పీ, తీవ్రమైన వ్యాధిలో 500 మిల్లీగ్రాములు కూడా దాటవచ్చు.

సీఆర్‌పీ అర్ధాయుష్షు సుమారు 19 గంటలు. ఆరోగ్యంలోనైనా అనారోగ్యంలోనైనా ఇది దాదాపు మారదు. కాబట్టి రక్తంలో ఉన్న పరిమాణం కాలేయం ఎంత వేగంగా తయారు చేస్తున్నదనే దానిపైనే ఆధారపడుతుంది. ఉదాహరణకు ఒక రోగిలో లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉన్నపుడు తయారీ పూర్తిగా ఆగిపోయిందనుకుంటే, 19 గంటలకు 100, 38 గంటలకు 50, 57 గంటలకు 25 మిల్లీగ్రాములు మిగులుతాయి. వాస్తవంలో తయారీ ఒక్కసారిగా ఆగదు కనుక తగ్గుదల ఇంతకంటె నెమ్మదిగా ఉంటుంది. ఒకే ఒక పరీక్ష కంటె, ఒకటి రెండు రోజుల వ్యవధిలో చేసిన రెండు పరీక్షల మధ్య తేడా ఎక్కువ సమాచారం ఇవ్వడానికి కారణం ఇదే.

పరీక్ష, కొలమానం

ఈ పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు. పరగడుపున ఉండవలసిన అవసరం లేదు. రక్తరసిలోని సీఆర్‌పీకి అతుక్కునే ప్రతిదేహాలను కలిపి, ఏర్పడిన మసకను కాంతి సహాయంతో కొలుస్తారు.

ప్రయోగశాలను బట్టి లీటరుకు 5 లేదా 10 మిల్లీగ్రాముల లోపు విలువను సాధారణంగా పరిగణిస్తారు. కొన్ని ప్రయోగశాలలు లీటరుకు, మరికొన్ని డెసిలీటరుకు లెక్కగట్టి ఫలితాన్ని ఇస్తాయి. డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములతో సమానం. రెండు వేర్వేరు చోట్ల చేయించిన పరీక్షలను పోల్చేటపుడు కొలమానం చూడకపోతే పది రెట్ల పొరపాటు జరుగుతుంది.

హై సెన్సిటివిటీ సీఆర్‌పీ అనే మరొక పరీక్ష ఉన్నది. ఇది అదే మాంసకృత్తును అతి తక్కువ స్థాయిలలో కూడా కచ్చితంగా కొలుస్తుంది. దీనిని ప్రధానంగా గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని అంచనా వేయడానికి ఉపయోగిస్తారు.

వైరల్ శ్వాసకోశ వ్యాధులలో సీఆర్‌పీ

జలుబు వంటి సామాన్య వైరల్ వ్యాధులలో సీఆర్‌పీ స్వల్పంగా పెరిగి కొద్ది రోజులలో తగ్గుతుంది. బాక్టీరియా న్యుమోనియాలో ఇది తరచుగా 100 మిల్లీగ్రాములు దాటుతుంది. ఈ తేడా ఆధారంగా దగ్గు, జ్వరంతో వచ్చిన రోగికి యాంటీబయాటిక్ అవసరమా కాదా అని నిర్ణయించడానికి సీఆర్‌పీని వాడే పద్ధతి ఐరోపా దేశాలలో మొదలైంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లో విడుదల చేసిన న్యుమోనియా మార్గదర్శకాలు, పరీక్షించిన తరువాత కూడా రోగనిర్ధారణ తేలనపుడు, లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉన్నవారికి సాధారణంగా యాంటీబయాటిక్ ఇవ్వవద్దని, 20 నుండి 100 మధ్య ఉంటే లక్షణాలు ముదిరితేనే వాడేలా మందుచీటీ ఇవ్వడాన్ని పరిశీలించాలని, 100 దాటితే యాంటీబయాటిక్ ఇవ్వాలని సూచించాయి.

అయితే ఈ సరిహద్దు కచ్చితమైనది కాదు. ఎడినోవైరస్ సోకిన చిన్నపిల్లలలోను, ఇన్ఫ్లుయెంజా తీవ్రమైన వారిలోను కేవలం వైరస్ వలననే సీఆర్‌పీ బాగా పెరగవచ్చు. మరొక ప్రక్క, బాక్టీరియా వ్యాధి మొదలైన తొలి గంటలలో పరీక్షిస్తే ఫలితం సాధారణంగానే రావచ్చు.

కోవిడ్-19లో సీఆర్‌పీ

కోవిడ్-19 వ్యాధి గమనాన్ని స్థూలంగా రెండు దశలుగా చెప్పుకోవచ్చు. మొదటి వారంలో వైరస్ శరీరంలో వృద్ధి చెందుతుంది. అధిక సంఖ్యాకులలో వ్యాధి ఈ దశలోనే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం రెండవ వారం ప్రారంభంలో, వైరస్ తగ్గుతున్న సమయంలో, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి ఊపిరితిత్తుల కణజాలాన్ని దెబ్బతీస్తుంది. ఈ దశలో ఇంటర్‌లుకిన్-6 పెరుగుతుంది. దానితోపాటు సీఆర్‌పీ కూడా పెరుగుతుంది. ఆసుపత్రిలో చేరినపుడు సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారిలో కృత్రిమ శ్వాస అవసరం, మరణం అధికమని అనేక దేశాల అధ్యయనాలు చూపాయి.

ఈ సంబంధానికి ఎంత బరువు ఇవ్వాలో 2020లో బ్రిటన్ పరిశోధకులు రూపొందించిన 4సీ మరణ సూచీని చూస్తే తెలుస్తుంది. ఆసుపత్రిలో చేరిన కోవిడ్-19 రోగులకు మరణించే ప్రమాదం ఎంతో అంచనా వేసే ఈ సూచీలో మొత్తం 21 పాయింట్లు ఉన్నాయి. సీఆర్‌పీ లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే 0, 50 నుండి 99 వరకు 1, 100 లేదా ఆపైన ఉంటే 2 పాయింట్లు. రక్తంలో ప్రాణవాయువు 92 శాతం కంటె తక్కువ ఉంటే 2 పాయింట్లు. వయస్సు 80 లేదా ఆపైన ఉంటే ఆ ఒక్క కారణానికే 7 పాయింట్లు. లింగం, ఇతర దీర్ఘవ్యాధులు, శ్వాస వేగం, స్పృహ స్థాయి, రక్తంలో యూరియా మిగిలిన అంశాలు. అంటే మొత్తం అంచనాలో సీఆర్‌పీ వాటా పదోవంతు కంటె తక్కువే.

తోడు సూచికలు

శ్వాసకోశ వ్యాధి తీవ్రమైనపుడు సీఆర్‌పీతో పాటు మరికొన్ని రక్తపరీక్షలు చేస్తారు. ఇవన్నీ ఒకే విషయాన్ని చెప్పేవి కావు.

- ఇంటర్‌లుకిన్-6: సీఆర్‌పీ తయారీని ప్రేరేపించే సంకేతం. సీఆర్‌పీ కంటె ముందుగా పెరుగుతుంది. పరీక్ష ఖరీదైనది, అన్నిచోట్లా లభించదు.
- ఫెరిటిన్: శరీరంలో ఇనుమును నిల్వచేసే మాంసకృత్తు. శోథలో కూడా పెరుగుతుంది.
- డి-డైమర్: రక్తపు గడ్డలోని ఫైబ్రిన్ కరిగినపుడు ఏర్పడే ముక్క. ఇది గడ్డలు ఏర్పడి కరుగుతున్నాయని తెలుపుతుంది.
- ఎల్‌డీహెచ్: కణాల లోపల ఉండే ఎంజైము. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది.
- లింఫోసైట్ల సంఖ్య: తీవ్రమైన కోవిడ్-19లో ఈ తెల్ల రక్తకణాలు తగ్గుతాయి.
- ప్రోకాల్సిటోనిన్: బాక్టీరియా వ్యాధులలో పెరుగుతుంది. వైరస్ సోకినపుడు విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ దీని తయారీని అణచివేస్తుంది.
- ఈఎస్ఆర్: ఎర్ర రక్తకణాలు నిలువు గొట్టంలో కిందికి దిగే వేగం. ఇది నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది కనుక రోజువారీ మార్పులను చూపలేదు. రక్తహీనత, వయస్సు కూడా దీనిని మారుస్తాయి.

చికిత్స నిర్ణయాలలో పాత్ర

కోవిడ్-19 మందులపై బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో రికవరీ అనే పేరుతో జరిగిన పరీక్ష రెండు ముఖ్యమైన విషయాలను తేల్చింది.

మొదటిది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌కు సంబంధించినది. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చినపుడు, కృత్రిమ శ్వాసపై ఉన్నవారిలో 28 రోజుల లోపు మరణాలు 41.4 శాతం నుండి 29.3 శాతానికి, ప్రాణవాయువు మాత్రమే తీసుకుంటున్న వారిలో 26.2 నుండి 23.3 శాతానికి తగ్గాయని 2020లో వెల్లడయింది. ప్రాణవాయువు అవసరం లేనివారిలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. వారిలో మందు తీసుకున్నవారి మరణాలు 17.8 శాతం, తీసుకోని వారివి 14.0 శాతం, ఈ తేడా యాదృచ్ఛికమై ఉండవచ్చు గానీ మేలు జరిగిందనడానికి ఆధారం లేదు. స్టెరాయిడ్ ఇవ్వడానికి ఇక్కడ కొలబద్ద ప్రాణవాయువు అవసరమే తప్ప సీఆర్‌పీ కాదు.

రెండవది టోసిలిజుమాబ్‌కు సంబంధించినది. కీళ్లవాతానికి వాడుతూ వచ్చిన ఈ మందు ఇంటర్‌లుకిన్-6 గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గి, దానితోపాటు సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా ఆపైన ఉన్న 4,116 మందిపై దీనిని పరీక్షించారు. 28 రోజుల లోపు మరణాలు 35 శాతం నుండి 31 శాతానికి తగ్గినట్లు 2021లో ప్రచురించారు. వీరిలో అత్యధికులు స్టెరాయిడ్ కూడా తీసుకుంటున్నవారే. 2021 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రమైన కోవిడ్-19కు ఈ కోవకు చెందిన మందులను సిఫారసు చేసింది. ఇక్కడ కూడా సీఆర్‌పీ ఒంటరి కొలబద్ద కాదు. ప్రాణవాయువు తగ్గుదల దానికి ముందు షరతు.

పరిమితులు

సీఆర్‌పీ ఎక్కువగా ఉండటానికి శ్వాసకోశ వ్యాధితో సంబంధం లేని కారణాలు ఉండవచ్చు. స్థూలకాయం, పొగతాగడం, గర్భం, కీళ్లవాతం, చిగుళ్ల వ్యాధి, ఇటీవల జరిగిన శస్త్రచికిత్స వీటిలో కొన్ని. స్థూలకాయం కోవిడ్-19ను కూడా తీవ్రం చేస్తుంది కనుక పెరిగిన సీఆర్‌పీలో ఏది దేని వాటా అని విడదీయడం కష్టం.

తక్కువ విలువ కూడా కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది. సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది కాబట్టి కాలేయం బాగా దెబ్బతిన్న వారిలో శోథ ఉన్నా విలువ తగినంత పెరగదు. స్టెరాయిడ్లు దీనిని తగ్గిస్తాయి. టోసిలిజుమాబ్ ఇచ్చిన రోగిలో ఇంటర్‌లుకిన్-6 సంకేతమే కాలేయానికి అందదు. అందువల్ల కొద్ది రోజులలో సీఆర్‌పీ సాధారణ స్థాయికి పడిపోతుంది. ఆ తరువాత రోగికి కొత్తగా బాక్టీరియా సోకినా ఈ పరీక్ష ఆ సంగతి తెలపకపోవచ్చు. అటువంటి రోగిలో సీఆర్‌పీ తగ్గడం మందు పనిచేస్తున్నదనడానికి గుర్తే గానీ, రోగి కోలుకున్నాడనడానికి రుజువు కాదు.

భారతదేశంలో 2021 రెండవ ఉధృతి

2021 ఏప్రిల్, మే నెలలలో భారతదేశంలో కోవిడ్-19 రెండవసారి ఉధృతమైనపుడు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతటా సీఆర్‌పీ, డి-డైమర్ పరీక్షలకు, ఛాతీ సీటీ స్కానుకు గిరాకీ విపరీతంగా పెరిగింది. అంతకుముందు వైద్యులకు మాత్రమే తెలిసిన ఈ పేర్లు ఇళ్లలో మామూలు మాటలయ్యాయి. స్వల్ప లక్షణాలు ఉన్నవారు కూడా పరీక్షలు చేయించుకుని, సీఆర్‌పీ కొద్దిగా పెరగగానే స్టెరాయిడ్లు మొదలుపెట్టిన సందర్భాలు ఎదురయ్యాయి.

2021 ఏప్రిల్‌లో వెలువడిన జాతీయ చికిత్సా మార్గదర్శకాలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. వాటి ప్రకారం ఆయాసం గానీ, ప్రాణవాయువు తగ్గుదల గానీ లేనిది స్వల్ప వ్యాధి; దీనికి ఇంటివద్ద విడిగా ఉండి ఉష్ణోగ్రతను, ప్రాణవాయువు శాతాన్ని గమనించుకోవడం సరిపోతుంది. శ్వాస వేగం నిమిషానికి 24 లేదా ఆపైన ఉన్నా, ప్రాణవాయువు 90 నుండి 93 శాతం మధ్య ఉన్నా మధ్యస్థ వ్యాధి. సీఆర్‌పీ, డి-డైమర్ పరీక్షలను 48 నుండి 72 గంటలకొకసారి చేయాలని చెప్పింది ఈ రెండవ రకం రోగులకే. 2021 మే 3న అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకుడు రణదీప్ గులేరియా కూడా, ప్రాణవాయువు సాధారణంగా ఉన్న స్వల్ప వ్యాధిలో ఈ రక్తపరీక్షలు, సీటీ స్కాను అవసరం లేదని, అవి భయాందోళనలను పెంచుతాయని, తొలి దశలో స్టెరాయిడ్లు తీసుకుంటే వైరస్ మరింత వృద్ధి చెందుతుందని హెచ్చరించాడు.

స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి, రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఈ రెండూ మ్యూకర్‌మైకోసిస్ అనే శిలీంధ్ర వ్యాధికి అనుకూలమైన పరిస్థితులు. బ్లాక్ ఫంగస్ పేరుతో వార్తలకెక్కిన ఈ వ్యాధి 2021 మే నాటికి దేశమంతటా వ్యాపించింది. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం దీనికి ప్రధాన కారణాలుగా గుర్తించారు. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఈ వ్యాధిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదులోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దీని చికిత్సకు ప్రధాన కేంద్రమయింది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చింది. కొందరు రోగులు కన్ను లేదా దవడ ఎముక కోల్పోయారు. ప్రాణవాయువు అవసరమైన రోగిని బ్రతికించే మందే, అవసరం లేని రోగికి ఇటువంటి ముప్పు తేగలదు. ఈ రెండు రకాల రోగులను వేరుచేసేది వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటరు, నిమిషానికి తీసే శ్వాసల లెక్క. సీఆర్‌పీ వాటి తరువాతి స్థానంలోనిది.

ఇవి కూడా చూడండి

- న్యుమోనియా
- ఇన్ఫ్లుయెంజా
- కోవిడ్-19
- కాలేయం
- రోగనిరోధక వ్యవస్థ
- మ్యూకర్‌మైకోసిస్